మందు కూరిన తుపాకి ఎన్నాళ్ళు ఉండొచ్చు?



కిందటి సంక్రాంతికి ఫ్రిస్కోలో మా గుడి హాల్లో పిల్లల కార్యక్రమం పెట్టాం. ముగ్గులు, బొమ్మల కొలువు, భోగిపళ్ళు అయ్యాక చివర్లో పిట్టలదొర వేషం. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. పిట్టలదొరనే తుపాకిరాముడు అని కూడా అంటారు. తెలంగాణ ఊళ్ళల్లో దొరలాగా టోపీ పెట్టుకుని, భుజాన కట్టె తుపాకి వేసుకుని, కోతలు కోస్తూ ఇంటింటికీ తిరిగి నవ్వించే కళాకారుడు. మా వాలంటీర్లలో ఒకాయన ఆ వేషం వేశారు. తుపాకి ప్లైవుడ్ ముక్కతో, ప్లాస్టిక్ పైపుతో చేసిందే.

నేను ఓ పక్కన ప్రసాదం డబ్బాలు సర్దుతున్నాను. తలెత్తి చూస్తే ఏడేళ్ళ కుర్రాడొకడు ఆ తుపాకి తీసుకుని, గొట్టం మూతికి కన్ను ఆనించి లోపలికి చూస్తున్నాడు. "తియ్యి! కన్ను తియ్యి!" అని గట్టిగా అరిచేశాను. హాలంతా ఒక్కసారి సద్దుమణిగింది. తర్వాత అందరూ నవ్వారు. "ఆంటీ, అది పైపండీ" అంది ఆ పిల్లాడి తల్లి. నాకూ నవ్వొచ్చింది. కానీ చేతుల వణుకు మాత్రం కాసేపటిదాకా తగ్గలేదు.

ఎందుకు అరిచానో ఆ పిల్లాడికి తెలుగులో చెప్పాలనుకున్నాను. చెప్పబోతే సగం మాటలు నాకే రాలేదు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివినదాన్ని. తెలుగు చదవడం, రాయడం అరవై దాటాక మీలాగే సొంతంగా నేర్చుకున్నాను. అందుకని ఈసారి ఆ మాటలన్నీ వెతుక్కుని, చరిత్ర కొంచెం చదువుకుని ఇది రాస్తున్నాను.

మా తాతగారి తుపాకి

మా అమ్మ పుట్టిల్లు తూర్పు గోదావరి జిల్లాలో, మన్యం అంచున ఉన్న ఒక పల్లెటూరు. అడవిపందులు చేల మీద పడేవి. వాటిని బెదరగొట్టడానికి తాతగారి దగ్గర లైసెన్సు ఉన్న పాతకాలపు తుపాకి ఒకటి ఉండేది. మూతి వైపు నుంచి మందు పోసి, గుండ్లు వేసి, ఇనుప కడ్డీతో కూరే రకం. ఇలాంటివాటిని మన వైపు నాటు తుపాకులు అంటారు. తెలంగాణలో భర్మార్ అంటారు. భర్ అంటే హిందీలో నింపడం. 1946 నుంచి 1951 దాకా జరిగిన తెలంగాణ రైతాంగ పోరాటం గురించి చదివితే వడిసెలతో పాటు ఈ భర్మార్ తుపాకులూ కనిపిస్తాయి.

తాతగారు 1969లో పోయారు. తుపాకి మాత్రం నడవలో గోడకి అలాగే వేలాడుతూ ఉండిపోయింది. ప్రతి దసరాకీ ఆయుధపూజ నాడు అమ్మమ్మ దాన్ని దింపి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టేది. సెలవులకి వెళ్ళిన పిల్లలం దాన్ని మోసుకుంటూ దొంగా పోలీసు ఆడేవాళ్ళం. గొట్టంలో చీకటి ఎంత దూరం ఉందో చూడాలని ఒకసారి నేను కూడా కన్ను ఆనించి చూశాను. అప్పుడు నాకు పదేళ్ళు.

1994లో ఇల్లు అమ్మేశారు. తుపాకిని పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పాలని మా పెదమామయ్య అనుకున్నాడు. ఎదురింట్లో మిలిటరీలో చేసి రిటైరైన ఒకాయన ఉండేవారు. "ముందు చూడనీ" అని ఆయన కడ్డీని గొట్టంలోకి జారవిడిచారు. అది ఆగినచోట, మూతి దగ్గర వేలితో గుర్తు పట్టుకుని బయటికి తీశారు. అదే కడ్డీని గొట్టం పక్కన పైనుంచి పెట్టి చూపించారు. కడ్డీ చివర గొట్టం అడుగుదాకా రాలేదు. బెత్తెడు తక్కువ.

బెత్తెడు అంటే నాలుగు వేళ్ళ వెడల్పు. ఆ బెత్తెడు మేర ఏముందో తెలుసా? మందు, గుడ్డపేలిక, సీసం గుండ్లు. తాతగారు ఏదో ఒక సాయంత్రం పందుల కోసం కూరి, కాల్చకుండానే గోడకి తగిలించినట్టున్నారు. పాతికేళ్ళుగా మేం పసుపు కుంకుమ పెట్టింది నిండు తుపాకికి.

ఆయన గొట్టంలో నీళ్ళు పోసి ఒక రోజంతా నాననిచ్చి, మర్నాడు జాగ్రత్తగా అంతా తీశారు. నల్లటి ముద్ద వచ్చింది. అందులో చిటికెడు ఎండబెట్టి, పెరట్లో నిప్పు మీద వేసి చూపించారు. బుస్సుమని మండింది. మా మామయ్య మెట్ల మీద కూర్చుండిపోయాడు.

ఒక మాటకి ఎన్ని అర్థాలో

చరిత్రలోకి వెళ్ళే ముందు మాటలు చూద్దాం. తెలుగులో మందు అంటే జబ్బుకి వేసుకునేది. మందు అంటే సారా కూడా. తుపాకిలో పోసేది కూడా మందే. దీపావళికి కాల్చేది మందుగుండు సామాను. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. ఇంగ్లీషులో దీన్ని నల్ల పొడి అంటారు కదా అని నేను మొదట "నల్లమందు" అని రాశాను. మా చెల్లెలు చదివి పడీ పడీ నవ్వింది. నల్లమందు అంటే అభిని అట! కాబట్టి తుపాకిమందు అనే రాస్తున్నాను. మీరూ జాగ్రత్త.

తుపాకి అనే మాట తుర్కీ భాష నుంచి వచ్చింది. ఫిరంగి అంటే పరంగివాళ్ళది, అంటే యూరప్‌వాళ్ళు తెచ్చినది. తుపాకిలో మందు పోసి నొక్కడాన్ని కూరడం, దట్టించడం అంటారు.

ఈ మందులో మూడే వస్తువులు. పెట్లుప్పు, బొగ్గు, గంధకం. పెట్లుప్పునే సురేకారం అని కూడా అంటారు. వంద పాళ్ళలో సుమారు 75 పెట్లుప్పు, 15 బొగ్గు, 10 గంధకం. బొగ్గు, గంధకం మండేవి. వాటికి కావలసిన ప్రాణవాయువు పెట్లుప్పు ఇస్తుంది. అందుకే బయటి గాలి తగలకపోయినా గొట్టంలో మందు మండుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అలా కూరిన తుపాకి ఎన్నాళ్ళు ఉండొచ్చు? నాకు అర్థమైనంతవరకు ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది సిపాయి ప్రశ్న: కాల్చాలనుకున్నప్పుడు పేలుతుందా? రెండోది ఇంట్లోవాళ్ళ ప్రశ్న: కాల్చకూడదనుకున్నప్పుడు పేలకుండా ఉంటుందా? ఈ రెంటికీ జవాబులు పూర్తిగా వేరు.

రెండు వారాల తుపాకులు

సిపాయి ప్రశ్నకి మంచి జవాబు మన టెక్సస్ చరిత్రలోనే ఉంది. 1836 ఏప్రిల్ 21న శాన్ జసింటోలో శామ్ హ్యూస్టన్ సైన్యం మెక్సికో సైన్యాన్ని ఓడించింది. అసలు పోరు పద్దెనిమిది నిమిషాల్లో ముగిసిందని ఇక్కడి బడి పిల్లలందరూ చెప్తారు. దానికి ముందు ఆ సైన్యం వారాల తరబడి వానల్లో, బురదలో నడిచింది. అందరి తుపాకులూ కూరే ఉన్నాయి.

ఆ సైన్యంలో ఉన్న రాబర్ట్ హంటర్ అనే యువకుడు తర్వాత తన జ్ఞాపకాలు రాసుకున్నాడు. శత్రువు దగ్గర్లో ఉన్నాడు కాబట్టి ఎవరూ తుపాకి కాల్చవద్దని హ్యూస్టన్ ఆజ్ఞ ఇచ్చాడట. కానీ సిపాయిలు వినలేదు. మా తుపాకులు కూరి రెండు వారాలు దాటింది, పేలతాయో లేదో తెలియని తుపాకులతో మేం యుద్ధానికి వెళ్ళం అన్నారట. ఒకడి తర్వాత ఒకడు గాలిలోకి కాల్చడం మొదలుపెట్టారు. హ్యూస్టన్ తిట్టాడు, కత్తి దూశాడు. చివరికి తనే తగ్గి, కాల్చుకోండి అని వెళ్ళిపోయాడు.

నాకు ఈ కథ చాలా నచ్చింది. సేనాపతి కంటే ఆ సిపాయిలకే తమ తుపాకి సంగతి బాగా తెలుసు. రెండు వారాల్లో ఏం జరుగుతుందో చూడండి. ఆ కాలపు తుపాకుల్లో చాలావాటికి గొట్టం అడుగున పక్కగా చిన్న రంధ్రం ఉండేది. బయట చిన్న పళ్ళెంలాంటి దాంట్లో చిటికెడు మందు పోస్తారు. చెకుముకిరాయి నిప్పురవ్వ ఆ మందుని అంటిస్తే, మంట రంధ్రంలోంచి లోపలికి వెళ్ళి అసలు మందుని అంటిస్తుంది. చెమ్మ కూడా అదే దారిలో లోపలికి వస్తుంది. ముందు పాడయ్యేది పళ్ళెంలోని చిటికెడు మందు, తర్వాత రంధ్రం పక్కనున్నది. గుండుకి చుట్టిన గుడ్డకి జిడ్డు పూసి ఉంటే అది కూడా మెల్లగా మందులోకి దిగుతుంది. గొట్టం అడుగున పాత మసి ఉంటే అది తేమని పీల్చి తుప్పు పట్టిస్తుంది.

కోనసీమ వానాకాలంలో కల్లుప్పు జాడీ చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఉప్పు నీరు కారుతుంది. పెట్లుప్పు శుద్ధిగా ఉంటే అంత తేమ పీల్చదు. కానీ దాంట్లో మామూలు ఉప్పులాంటి మలినాలు మిగిలితే తేమ లాగేస్తుంది. అందుకే మంచి మందు చేసేవాళ్ళు పెట్లుప్పుని మళ్ళీ మళ్ళీ కరిగించి, పేరబెట్టి శుద్ధి చేసేవాళ్ళు.

నీళ్ళు గెలిచిన యుద్ధాలు

తడి ఎంత పని చేస్తుందో మన గోల్కొండలోనే చూడొచ్చు. 1687లో ఔరంగజేబు గోల్కొండని సుమారు ఎనిమిది నెలలు ముట్టడించాడు. మొఘల్ సైనికులు కోటగోడ కిందికి సొరంగాలు తవ్వి మందు నింపారు. లోపలివాళ్ళు అది కనిపెట్టారు. వాళ్ళు కూడా ఎదురు సొరంగం తవ్వి, అందినంత మందు తీసేసి, మిగిలినదాంట్లో నీళ్ళు పోశారు. మొఘలులు నిప్పంటించినప్పుడు కోట వైపు మందు అంటుకోలేదు. వాళ్ళ వైపున్న పొడిమందు మాత్రం పేలింది. గోడ కూలలేదు. పేలుడు వాళ్ళ సొంత సైన్యం మీదే పడింది. చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఈ సంగతి రాశాడు. చివరికి ఆ సెప్టెంబరులో కోట పడింది మందు వల్ల కాదు, లోపలివాళ్ళలో ఒకడు తలుపు తీయడం వల్ల.

ఇంకొకటి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. తాండ్ర పాపారాయుడి కథ మనందరికీ తెలిసిందే. బుస్సీ ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలిన అయిదు నెలలకి, అదే ఏడాది జూన్ 23న, బెంగాల్‌లో ప్లాసీ యుద్ధం జరిగింది. మధ్యాహ్నం పెద్ద వాన పడింది. ఇంగ్లీషువాళ్ళు తమ మందు మీద టార్పాలిన్లు కప్పుకున్నారు. నవాబు సైన్యం కప్పుకోలేదు. వాన తగ్గాక నవాబు ఫిరంగులు చాలావరకు మూగబోయాయి. ఆ రోజు కుట్ర కూడా ఉంది, నిజమే. కానీ టార్పాలిన్ కూడా ఉంది.

కాబట్టి సిపాయి ప్రశ్నకి జవాబు ఇది: ఒక్క తడి రాత్రి చాలు, తుపాకిని నమ్మలేం. పళ్ళెంలో మందు రోజూ మార్చాలి. చాలా రోజులైతే లోపలిది కూడా తీసి మళ్ళీ కూరాలి.

ఆరిపోని మందు

ఇంతవరకు చదివితే, అయితే పాత తుపాకి ప్రమాదం కాదు కదా, మందు పాడైపోతుంది కదా అనిపిస్తుంది. మా మామయ్య కూడా అలాగే అనుకున్నాడు. ఇక్కడే అందరూ పొరబడతారు. పేలుతుందని నమ్మలేకపోవడం వేరు. పేలదని నమ్మడం వేరు.

తుపాకిమందుకి వయసు లేదు. ఇప్పటి తూటాల్లో ఉండే పొగలేని మందు పందొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చింది. అది రసాయనికంగా లోపల్లోపలే విరుగుతూ ఉంటుంది. దాన్ని ఆపడానికి వేరే పదార్థం కలుపుతారు. పాత మందులో అలాంటిదేమీ లేదు. ఉప్పు, బొగ్గు, గంధకం. పొడిగా ఉంటే అవి వందేళ్ళకీ అలాగే ఉంటాయి. తడిస్తే పెట్లుప్పు కరుగుతుంది. కానీ బయటికి పోయే దారి లేకపోతే అక్కడే ఉండి, ఆరాక మళ్ళీ గట్టిపడుతుంది. బలం తగ్గొచ్చు, మంట మాత్రం పోకపోవచ్చు.

న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక ఫిరంగి ఉంది. 1780లో అక్కడి నదిలో మునిగిన హస్సార్ అనే బ్రిటిష్ ఓడది. అది నూరేళ్ళకి పైగా పార్కులో జనం మధ్య ఉంది. ఎంతమంది పిల్లలు దాని మీద ఎక్కి కూర్చున్నారో! 1996లో దాన్ని లోపల పెట్టారు. 2013 జనవరిలో తుప్పు శుభ్రం చేద్దామని మూతి తెరిస్తే లోపల గుండు, దూది, సుమారు 800 గ్రాముల మందు ఉన్నాయి. పోలీసులు వచ్చి తీశారు. ఆ మందు ఇంకా మండే స్థితిలోనే ఉంది.

అందరి కథా ఇంత సుఖంగా ముగియలేదు. 2008లో వర్జీనియాలో పాత వస్తువులు సేకరించే ఒకాయన అమెరికా అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండు శుభ్రం చేస్తున్నారు. అలాంటి గుండ్ల లోపల మందు ఉంటుంది. అది పేలి ఆయన చనిపోయారు. యుద్ధం 1865లో ముగిసింది. ఆ యుద్ధపు గుండు 140 ఏళ్ళ తర్వాత మనిషిని చంపింది.

పైనుంచి చూస్తే తుపాకి నిండుగా ఉందో లేదో తెలియదు అనడానికి ఇంకో ఉదాహరణ గెట్టిస్‌బర్గ్. 1863 జులైలో ఆ యుద్ధం అయ్యాక పొలాల్లో పడి ఉన్న తుపాకులు ఏరారు. వాటిలో సుమారు 24 వేలు నిండుగా ఉన్నాయని, వాటిలో సగానికి రెండేసి సార్లు కూరి ఉందని ఒక లెక్క ప్రసిద్ధం. ఒకదానిలో ఏకంగా 23 సార్లు. ఆ గోలలో, భయంలో తన తుపాకి పేలిందో లేదో పట్టుకున్నవాడికే తెలియలేదు. ఇక గోడకి తగిలించి పాతికేళ్ళయితే ఎవరికి గుర్తుంటుంది?

చట్టం ఒకటి, మందు ఒకటి

ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం నాటు తుపాకి కూడా తుపాకే, లైసెన్సు కావాలి. అమెరికాలో 1968 ఫెడరల్ చట్టం ఇలాంటివాటిని చాలావరకు పురాతన వస్తువులుగా చూస్తుంది. అందుకని సంతల్లో, పాత సామాన్ల దుకాణాల్లో తేలిగ్గా కొనుక్కుని గోడకి తగిలించుకుంటారు. మా చుట్టుపక్కల ఇళ్ళల్లో కూడా చూశాను. ఇక్కడ వేటగాళ్ళు ఇప్పటికీ మందు కూరే తుపాకులు వాడతారు. చాలా రాష్ట్రాల వేట నియమాల్లో నిప్పంటించే చిన్న రాగి టోపీ తీసేస్తే తుపాకి ఖాళీ కింద లెక్క. కానీ అది కాగితం మీద ఖాళీ. లోపల మందు, గుండు అలాగే ఉంటాయి. మా తాతగారి తుపాకికీ టోపీ లేదు. అందుకే నేను ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఏళ్ళ తరబడి కదిలిస్తూ, తలకిందులు చేస్తూ ఉంటే గుండు మందు మీద నుంచి ముందుకి జారొచ్చు. మధ్యలో ఖాళీ ఏర్పడితే పేలినప్పుడు గొట్టమే పగలొచ్చు. తుప్పు తిన్న గొట్టమైతే చెప్పనక్కర్లేదు. అంటే ఎదురుగా ఉన్నవాడికే కాదు, పట్టుకున్నవాడికీ ముప్పే.

కాబట్టి ఇంట్లోవాళ్ళ ప్రశ్నకి జవాబు: ఒక్క రోజు కూడా కాదు. వేటగాడు ఆ పూటకి కూరుకుంటాడు, ఆ పూటే ఖాళీ చేస్తాడు. గోడకి తగిలించే తుపాకి నిండుగా ఉండకూడదు.

మీలో కొందరికి ఊళ్ళో తాతల ఇళ్ళు ఉన్నాయి. అటకల మీద, గోడల మీద ఇలాంటివి ఉండొచ్చు. కనిపిస్తే మూతి ఎవరి వైపూ లేకుండా చూడండి. గుర్రం అనే భాగాన్ని ఎత్తకండి, దించకండి. గీకడం, వేడి చేయడం, గొట్టంలో మేకు పెట్టి తవ్వడం అసలు వద్దు. తెలిసినవాళ్ళు కడ్డీ కొలత చూస్తారు. ఇండియాలో అయితే పోలీసు స్టేషన్‌లో చెప్పండి. ఇక్కడైతే పోలీసులకో, ఇలాంటి తుపాకులు తెలిసిన మరమ్మతు పనివాడికో చెప్పండి. ఫిరంగి గుండు కనిపిస్తే ముట్టుకోకుండా దూరం జరిగి పోలీసులని పిలవండి.

పోయిన ఆదివారం ఆ పిల్లాడు మళ్ళీ గుడికి వచ్చాడు. ఈసారి మాటలు సిద్ధంగా ఉన్నాయి. మా తాతగారి తుపాకి కథ చెప్పాను. కడ్డీ ఎక్కడ ఆగిందో బెత్తెడు చూపించాను. వాడు తన నాలుగు వేళ్ళు నా వేళ్ళ పక్కన పెట్టి కొలుచుకున్నాడు. "మరి మీ తాతకి గుర్తు లేదా?" అని అడిగాడు.

తాతగారు మతిమరుపు మనిషి కాదు. చేలకి పందులు వస్తాయని కూరుకున్నారు, మర్నాడు తీద్దామనుకుని ఉంటారు. ఆ మర్నాడు మాత్రం రాలేదు. మనుషులు మర్చిపోతారు, పోతారు కూడా. మందు మాత్రం మర్చిపోదు. వాడితో ఇంతే అన్నాను: "నాన్నా, ఖాళీ అని కళ్ళతో చూసేదాకా ఏ తుపాకైనా నిండుదే అనుకోవాలి. పైపు తుపాకైనా సరే."

తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. మీ ఊళ్ళో ఈ తుపాకుల భాగాలకి వేరే తెలుగు పేర్లు ఉంటే అవి కూడా చెప్పండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే వాళ్ళకి తప్పకుండా తెలుస్తాయి. అడిగేటప్పుడు ఆ గోడ మీది తుపాకి సంగతి కూడా అడగండి.